అమెరికా పబ్లిక్ స్కూళ్ళలో ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లల హక్కులు: తెలుగు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇండియా నుంచి వచ్చి పిల్లల్ని అమెరికా పబ్లిక్ స్కూల్లో చేర్చే తల్లిదండ్రుల కోసం, ఇక్కడే పుట్టినా ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లల తల్లిదండ్రుల కోసం ఈ ప్రశ్నలు, జవాబులు రాశాం. ఫెడరల్ చట్టం దేశమంతటా ఒకటే. పరీక్ష పేరు, పాస్ మార్కు, క్లాసు పేరు మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారతాయి. ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటున్న విద్యార్థిని చట్టం ‘ఇంగ్లీష్ లెర్నర్’ అంటుంది. స్కూళ్ళలో ఈఎల్ (ఇంగ్లీష్ లెర్నర్), ఎమ్‌ఎల్ (మల్టీలింగువల్ లెర్నర్) అనే మాటలు వినిపిస్తాయి, టెక్సాస్‌లో ఎమర్జెంట్ బైలింగువల్ అంటారు. వాళ్ళకు ఇంగ్లీషు నేర్పే క్లాసుకూ ఇలాగే పేర్లు చాలా ఉన్నాయి: కాలిఫోర్నియాలో ఈఎల్‌డీ, న్యూయార్క్‌లో ఈఎన్‌ఎల్, చాలాచోట్ల ఈఎస్‌ఎల్. పేరు ఏదైనా హక్కు మారదు.

మా బాబు ఇక్కడే పుట్టాడు, ఇంగ్లీషు గడగడా మాట్లాడతాడు. ఫారంలో ఇంటి భాష తెలుగు అని రాస్తే ఈఎస్‌ఎల్‌లో వేసేస్తారా?

వేసేయరు. రిజిస్ట్రేషన్ కాగితాల్లో ‘హోమ్ లాంగ్వేజ్ సర్వే’ అని ఒక పేజీ ఉంటుంది. పిల్లాడు మొదట నేర్చిన భాష ఏది, ఇంట్లో ఎక్కువగా ఏ భాష వాడతారు, పిల్లాడు ఎక్కువగా ఏ భాషలో మాట్లాడతాడు, సాధారణంగా ఇవీ ప్రశ్నలు. వీటిలో దేనికైనా తెలుగు అని రాస్తే స్కూలు ఒక చిన్న పరీక్ష పెట్టాలి. పిల్లాడు అందులో నెగ్గితే మామూలు క్లాసులోనే ఉంటాడు, విషయం అక్కడితో అయిపోతుంది.

చాలామంది భయపడి అన్నిటికీ ‘ఇంగ్లీష్’ అని రాసేస్తారు. పిల్లాడికి నిజంగా ఇంగ్లీషు వచ్చి ఉంటే దానివల్ల నష్టం లేదు. రాకపోతే మాత్రం పరీక్షా ఉండదు, సాయమూ ఉండదు. మూడో క్లాసులో చదవడం వెనకపడినప్పుడు టీచరు ఫైలు తీసి చూస్తే ‘ఇంటి భాష ఇంగ్లీష్’ అని కనిపిస్తుంది, దాంతో లోపం పిల్లాడిదేనని అనుకుంటారు. నిజం రాయండి. ఫారం కుటుంబంలో ఎవరు నింపినా జవాబులు ఒకేలా ఉండాలి. అక్కకు ఒకలాగా తమ్ముడికి ఇంకోలాగా రాస్తే ఆఫీసులో అనుమానం వస్తుంది.

పొరపాటుగా రాస్తే దిద్దుకోవచ్చు, కానీ త్వరగా దిద్దుకోవాలి. కాలిఫోర్నియాలో ఆ సర్వేను ఎప్పుడైనా మార్చవచ్చు. అయితే ఇనీషియల్ ఎల్‌ప్యాక్ (చేరినప్పుడు అక్కడ పెట్టే ఇంగ్లీషు పరీక్ష) రాసేశాక చేసిన మార్పు పిల్లాడి వర్గీకరణను మార్చదు.

చేర్చుకోవడానికి ఏ కాగితాలు అడగవచ్చు? వీసా చూపించాలా?

మీరు ఆ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఉంటున్నారని రుజువు (లీజు, కరెంటు బిల్లు), పిల్లల వయసుకు రుజువు, టీకాల రికార్డు అడుగుతారు. వయసుకు ఇండియా బర్త్ సర్టిఫికెట్ పనికొస్తుంది, పాస్‌పోర్టు కూడా సాధారణంగా చాలు. సోషల్ సెక్యూరిటీ నంబరు లేదని చేర్చుకోకుండా ఉండటానికి వీల్లేదు. హెచ్‌-4, ఎల్‌-2 మీద వచ్చిన పిల్లలకు ఆ నంబరు ఉండదు కాబట్టి ఆ గడి ఖాళీగా వదిలేయండి.

ఇమ్మిగ్రేషన్ స్థితి ఏదైనా పిల్లలకు ఉచిత పాఠశాల విద్య ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 1982లో ప్లైలర్ వర్సెస్ డో కేసులో తేల్చింది. టెక్సాస్‌లోని టైలర్ ఊరి స్కూళ్ళు కాగితాల్లేని పిల్లల దగ్గర ఏడాదికి 1,000 డాలర్ల ఫీజు అడగడంతో మొదలైన కేసు అది. కాబట్టి హెచ్‌-1బీ ఉద్యోగం పోయి 60 రోజుల గ్రేస్‌లో ఉన్నప్పుడు కూడా మీ పిల్లలు మర్నాడు బడికి వెళ్ళవచ్చు.

ఒక్క మినహాయింపు ఉంది. పిల్లలు తమ పేరు మీదే ఎఫ్‌-1 వీసా తీసుకుని వస్తే ప్రభుత్వ ఎలిమెంటరీ, మిడిల్ స్కూళ్ళలో చదవడానికి వీల్లేదు. హైస్కూల్లో పూర్తి ఖర్చు కట్టి గరిష్ఠంగా 12 నెలలు చదవవచ్చు. తల్లో తండ్రో ఎఫ్‌-1 మీద ఎమ్మెస్‌కు వచ్చి, పిల్లలు ఎఫ్‌-2 మీద ఉంటే ఈ ఆంక్ష వర్తించదు. ఈ రెండిటినీ కలిపేసి ఎఫ్‌-2 పిల్లల్ని ఆపేసే ఆఫీసులున్నాయి. వీసా కాగితంలో ‘ఎఫ్‌-2’ అని ఉన్నచోటు చూపించండి.

ఎక్కువమందికి ఆలస్యమయ్యేది టీకాల దగ్గర. మన ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో ఎమ్‌ఆర్ వేస్తారు, అందులో గవదబిళ్ళల టీకా ఉండదు. ఇక్కడి స్కూళ్ళు ఎమ్‌ఎమ్‌ఆర్ అడుగుతాయి. ఆటలమ్మ టీకా కూడా మన ప్రభుత్వ కార్డులో ఉండదు. బయల్దేరే ముందే పిల్లల డాక్టరుకు చెప్పి ఈ రెండూ వేయించి, తేదీలు స్పష్టంగా రాయించుకోండి.

ఇంకో చిన్న సంగతి. పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అన్నిచోట్లా అలాగే రాయండి. ఇంటిపేరు ఒక ఫారంలో ముందు, ఇంకో ఫారంలో వెనక రాస్తే ఒకే పిల్లకు రెండు ఐడీలు తయారవుతాయి. స్కూలు మారినప్పుడు ఇంగ్లీషు స్కోర్లు ఒక ఐడీలో, మార్కులు ఇంకో ఐడీలో ఉండిపోతాయి.

ఇవన్నీ స్కూలు దయా, చట్టమా?

చట్టమే. 1964 సివిల్ రైట్స్ యాక్ట్‌లోని టైటిల్ సిక్స్ ప్రకారం, ఫెడరల్ డబ్బు తీసుకునే ఏ సంస్థా జాతి, రంగు, పుట్టిన దేశం ఆధారంగా వివక్ష చూపకూడదు. భాష దీని కిందికి ఎలా వస్తుందన్నది శాన్‌ఫ్రాన్సిస్కోలో తేలింది. అక్కడ ఇంగ్లీషు రాని చైనీస్ పిల్లలు సుమారు 1,800 మంది ఏ సాయమూ లేకుండా క్లాసుల్లో కూర్చున్నారు. అందరికీ ఇచ్చిన పుస్తకాలే, అందరికీ ఉన్న టీచర్లే వాళ్ళకూ ఇచ్చాం కదా అన్నది స్కూళ్ళ వాదన. 1974 జనవరి 21న లౌ వర్సెస్ నికోల్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. పాఠం అర్థం కాని పిల్లకు అందరితోపాటు అదే పుస్తకం చేతిలో పెట్టినంత మాత్రాన సమానత్వం కాదని కోర్టు చెప్పింది. మిగతా హక్కులన్నిటికీ ఈ ఒక్క మాటే పునాది.

అదే ఏడాది కాంగ్రెస్ ‘ఈక్వల్ ఎడ్యుకేషనల్ ఆపర్చునిటీస్ యాక్ట్’ తెచ్చింది. భాషా అడ్డంకులు తొలగించడానికి స్కూళ్ళు తగిన చర్య తీసుకోవాలని అందులో రాసి ఉంది. ‘తగిన చర్య’ అంటే ఏమిటో 1981లో ఫిఫ్త్ సర్క్యూట్ అప్పీలు కోర్టు కాస్టానియెడా వర్సెస్ పికార్డ్ కేసులో మూడు ప్రశ్నలుగా పెట్టింది. పద్ధతికి విద్యాపరంగా గట్టి ఆధారం ఉందా? దాన్ని నడపడానికి సరిపడా టీచర్లు, సామగ్రి ఇచ్చారా? కొంతకాలానికి పిల్లలు నిజంగా నేర్చుకుంటున్నారా, లేకపోతే పద్ధతి మార్చారా? మీటింగుకు వెళ్ళేటప్పుడు ఈ మూడూ గుర్తుపెట్టుకోండి. చాలా స్కూళ్ళు మొదటి ప్రశ్నకు అందమైన జవాబు చెబుతాయి, రెండోదాని దగ్గర తడబడతాయి.

2015లో వచ్చిన ‘ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ యాక్ట్’ ఏటా పరీక్ష పెట్టాలని, తల్లిదండ్రులకు లెటర్ పంపాలని నియమాలు పెట్టింది.

2025లో ఇవన్నీ రద్దయ్యాయని విన్నాం. నిజమేనా?

రద్దయినవి వేరు, మిగిలినవి వేరు. 2025 మార్చి 1న ఇంగ్లీషును అధికార భాషగా ప్రకటిస్తూ అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. దాంతోపాటు 2000 నాటి 13166 ఉత్తర్వు రద్దయింది. ఫెడరల్ సంస్థలు ఇంగ్లీషు రానివారికి భాషా సేవలు అందించాలని చెప్పింది అదే. ఈ హక్కులన్నిటినీ ఒకచోట వివరించిన 2015 జనవరి నాటి ఫెడరల్ మార్గదర్శక లేఖను కూడా ఆగస్టులో ఉపసంహరించారు.

లేఖ అన్నది చట్టానికి వివరణ మాత్రమే. టైటిల్ సిక్స్, 1974 చట్టం, 2015 చట్టం, లౌ తీర్పు, ప్లైలర్ తీర్పు అలాగే ఉన్నాయి. వాటిని మార్చాలంటే కాంగ్రెస్ ఓటు వేయాలి లేదా సుప్రీంకోర్టు తీర్పు తిరగాలి. రాష్ట్రాల సొంత చట్టాలు కూడా ఉన్నాయి, ఉదాహరణకు న్యూయార్క్‌లో పార్ట్ 154 నియమాలు. ‘ఇప్పుడు ఆ రూల్ లేదు’ అని ఎవరైనా అంటే, ఏ చట్టం ప్రకారమో ఈమెయిల్‌లో రాసి పంపమని అడగండి.

ఆ పరీక్షలో ఏముంటుంది? ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్ల ఎందుకు తప్పుతుంది?

వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం అనే నాలుగు భాగాలుంటాయి. న్యూజెర్సీ, ఇల్లినాయ్, జార్జియా, నార్త్ కరొలైనా, వర్జీనియా లాంటి చాలా రాష్ట్రాలు విడా అనే సంస్థ తయారుచేసిన స్క్రీనర్ పరీక్ష వాడతాయి. కాలిఫోర్నియాలో ఎల్‌ప్యాక్, న్యూయార్క్‌లో నైసిటెల్ ఉంటాయి. కిండర్‌గార్టెన్ మొదట్లో చాలా రాష్ట్రాలు వినడం, మాట్లాడటం మాత్రమే చూస్తాయి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలు రాతలో బాగానే చేస్తారు. దెబ్బతినేది మాట్లాడే భాగంలో. హెడ్‌ఫోన్ పెట్టుకుని మైకులో కంప్యూటరుకు జవాబు చెప్పాలి. పెద్దవాళ్ళు అడిగితే ఒక్క ముక్కలో చెప్పడం అలవాటైన పిల్ల ‘యెస్’, ‘ట్రీ’ అని ఆగిపోతుంది. భాష ఎంత వచ్చో తేల్చడానికి ఆ ఒక్క ముక్క చాలదు కాబట్టి స్కోరు తగ్గుతుంది. బొమ్మ చూసి మూడు నాలుగు వాక్యాలు చెప్పాలని, ఎందుకో కూడా చెప్పాలని ముందురోజు పిల్లకు వివరించండి. తెలుగు యాస ఉన్నంత మాత్రాన మార్కులు పోకూడదు. యాసే కారణమని అనిపిస్తే నాలుగు భాగాల స్కోర్లూ విడివిడిగా అడిగి తీసుకోండి.

విమానం దిగిన మర్నాడే పరీక్ష పెడుతుంటే ఒకటి రెండు రోజులు ఆగమని అడగడంలో తప్పేం లేదు. నిద్ర తేరని పిల్ల స్కోరు ఏడాదంతా ఫైల్లో ఉంటుంది.

మాకు ఎప్పటిలోగా తెలియజేయాలి?

స్కూలు సంవత్సరం మొదట్లో చేర్చితే, బడి మొదలైన 30 రోజుల్లోపు లెటర్ రావాలి. మధ్యలో చేర్చితే ఈఎల్ క్లాసులో పెట్టిన రెండు వారాల్లోపు రావాలి. ఆ లెటర్‌లో ఉండాల్సినవి: పిల్లను ఎందుకు ఈఎల్‌గా గుర్తించారు, ఏ స్థాయి, ఏ పద్ధతిలో చెబుతారు, ఎప్పుడు ఈఎల్ నుంచి బయటికి వస్తుంది, వద్దనుకునే హక్కు మీకుందన్న మాట. సాధ్యమైనంతవరకు మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. రాష్ట్రాలు ఇంకా తక్కువ గడువు పెట్టవచ్చు. న్యూయార్క్‌లో గుర్తింపు ప్రక్రియను 10 బడి రోజుల్లో పూర్తిచేయాలి.

మ్యాథ్స్ టైములో పాపను ఈఎస్‌ఎల్‌కి తీసుకెళ్తున్నారు. ఇది సరేనా?

సరి కాదు, దీని మీద గట్టిగా మాట్లాడాలి. పిల్లకు రెండు హక్కులు ఒకేసారి ఉన్నాయి: ఇంగ్లీషు నేర్చుకోవడం, తన క్లాసు పాఠాలన్నీ అందుకోవడం. ఒకటి ఇచ్చి ఇంకోటి లాక్కోకూడదు. ఇంగ్లీషు కోసం కొంతకాలం పాఠం తగ్గించాల్సి వస్తే ఆ లోటును తర్వాత స్కూలే పూడ్చాలి.

పిల్లను వేరే గదికి తీసుకెళ్ళడాన్ని పుల్-అవుట్ అంటారు, ఈఎస్‌ఎల్ టీచరే క్లాసుకు రావడాన్ని పుష్-ఇన్ అంటారు. రెండూ చట్టబద్ధమే. చూడాల్సింది టైమ్‌టేబుల్. వారం టైమ్‌టేబుల్ అడిగి, ఏ పీరియడ్‌లు పోతున్నాయో గుర్తుపెట్టి, మార్చమని ఈమెయిల్ రాయండి. పీఈ, మ్యూజిక్, ఆర్ట్ కూడా పిల్ల హక్కే. ఎప్పుడూ వాటినే కోయడం కూడా సరికాదు.

టీచరు ఎవరన్నదీ అడగండి. ఈఎల్ బోధనలో శిక్షణ పొందిన టీచరు ఉండాలి. సహాయకురాలు సాయం చేయవచ్చు కానీ టీచరు స్థానంలో ఏడాదంతా ఆమే ఉండకూడదు. కారిడార్‌లో సహాయకురాలితో ఫ్లాష్‌కార్డులు తిప్పించడాన్ని ‘ప్రోగ్రామ్’ అని చెబితే, కాస్టానియెడా రెండో ప్రశ్న అక్కడే పెట్టవచ్చు.

ఈఎస్‌ఎల్ వద్దు అని చెప్పవచ్చా?

చెప్పవచ్చు. చెప్పే ముందు నాలుగు విషయాలు తెలుసుకోండి.

వద్దన్నా పిల్ల ఈఎల్‌గానే రికార్డులో ఉంటుంది. ఏటా జరిగే ఇంగ్లీషు పరీక్ష రాయాల్సిందే. క్లాసులో పాఠం అర్థమయ్యేలా చూసే బాధ్యత స్కూలు మీద ఇంకా ఉంటుంది. ఎప్పుడైనా మనసు మార్చుకుని మళ్ళీ అడగవచ్చు. న్యూయార్క్‌లో మాత్రం తల్లిదండ్రులు బైలింగువల్ ప్రోగ్రామ్‌ను వద్దనవచ్చు గానీ ఈఎన్‌ఎల్‌ను వద్దనడానికి వీల్లేదు.

‘ఈఎస్‌ఎల్ క్లాసులో సీట్లు లేవు, వద్దని సంతకం పెట్టండి’ అని స్కూలు వైపు నుంచి అడిగితే పెట్టకండి. వద్దనే నిర్ణయం పూర్తిగా మీదై ఉండాలి, సమాచారమంతా మీకు అర్థమయ్యే భాషలో చెప్పాకే తీసుకోవాలి. మా అభిప్రాయం అడిగితే, ఈఎల్ అన్న పేరు చూసి చిన్నతనంగా అనిపించి వద్దనడం పిల్లకు నష్టం. కాలేజీ అప్లికేషన్ల దాకా వెంటాడే మచ్చేమీ కాదది. అదనంగా, ఉచితంగా అందే పాఠం.

మీటింగులో హిందీ ఇంటర్‌ప్రెటర్‌ను ఇచ్చారు. పదేళ్ళ కొడుకునే అనువాదం చేయమన్నారు. ఏం చేయాలి?

‘మాకు తెలుగు కావాలి’ అని చెప్పి మీటింగు వాయిదా వేయించండి. ఇండియా నుంచి వచ్చారంటే హిందీ వస్తుందనుకోవడం మామూలు పొరపాటు. ఫోన్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను కలిపే సంస్థలతో చాలా డిస్ట్రిక్ట్‌లకు ఒప్పందం ఉంటుంది. రెండు మూడు రోజుల ముందు ఈమెయిల్‌లో అడిగితే సులువుగా దొరుకుతుంది. ఖర్చు మీది కాదు.

పిల్లల్ని అనువాదకులుగా వాడటం తప్పు. తన గురించి టీచరు చెప్పిన కష్టమైన మాటను అమ్మకు తనే చెప్పాల్సి రావడం పిల్లాడికి ఎంత బరువో ఆలోచించండి. మధ్యలో మాట మెత్తబడుతుంది, కొంత తప్పిపోతుంది కూడా. అమ్మకు ఇంగ్లీషు రాకపోయినా నాన్నకు వచ్చు కదా అని ఆమెను పక్కన పెట్టడమూ సరికాదు. అడిగిన ప్రతి తల్లికీ, తండ్రికీ ఈ హక్కు విడిగా ఉంటుంది. అమ్మమ్మో తాతయ్యో గార్డియన్‌గా ఉంటే వాళ్ళకూ ఉంటుంది.

పిల్లాడు మాటల్లో, చదువులో వెనకబడ్డాడు. ‘ముందు ఇంగ్లీషు రానివ్వండి, తర్వాత టెస్ట్ చేద్దాం’ అంటున్నారు.

అలా ఆపకూడదు. ప్రత్యేక విద్యా చట్టం ఐడియా ప్రకారం లోపం ఉందన్న అనుమానం ఉంటే ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలనూ ఆలస్యం లేకుండా పరీక్షించాలి. సాధ్యమైనంతవరకు పిల్లాడికి వచ్చిన భాషలోనే చేయాలి. దీనికి రెండో వైపు కూడా ఉంది. ఇంగ్లీషు రాకపోవడమే అసలు కారణమైతే ఆ పిల్లాడికి డిజేబిలిటీ ముద్ర వేయకూడదు.

రెండిటినీ విడదీయడానికి మీ దగ్గరున్న సమాచారమే ముఖ్యం. తెలుగులో ఎప్పుడు మాటలు వచ్చాయి? కథ వరసగా చెప్పగలడా? ‘అట్లకాడ తెచ్చి ఇటు పెట్టు’ లాంటి రెండు పనుల మాట వింటాడా? తెలుగులో అన్నీ బాగుంటే అది భాషా సమస్య కావచ్చు. తెలుగులోనూ అదే ఇబ్బంది ఉంటే ఆలస్యం చేయకండి. తెలుగులో పరీక్షించే స్పీచ్ థెరపిస్టు దొరకడం కష్టం కాబట్టి ఇంటర్‌ప్రెటర్‌తో చేస్తారు. అప్పుడు ఇంగ్లీషు పిల్లల సగటులతో పోల్చిన స్కోరును మాత్రమే నమ్మకూడదని రిపోర్టులో రాయమనండి.

అడగడం ఎప్పుడూ రాతలో, తేదీ వేసి. మీరు అంగీకార పత్రం మీద సంతకం చేశాక ఫెడరల్ నియమం ప్రకారం 60 రోజుల్లో పరీక్ష పూర్తవ్వాలి. రాష్ట్రం వేరే గడువు పెట్టి ఉంటే అదే వర్తిస్తుంది. ఐఈపీ (పిల్లాడి కోసం రాసే ప్రత్యేక విద్యా ప్రణాళిక) వచ్చాక ‘స్పెషల్ ఎడ్ ఉంది కాబట్టి ఈఎస్‌ఎల్ ఆపేస్తాం’ అంటే ఒప్పుకోకండి, పిల్లాడికి రెండూ రావాలి. ఐఈపీ మీటింగులో తెలుగు ఇంటర్‌ప్రెటర్ అవసరమైతే ఏర్పాటు చేయడం స్కూలు బాధ్యతే.

ఈఎల్ పిల్లలకు గిఫ్టెడ్ (చదువులో ముందున్న పిల్లల) క్లాసులు, ఏపీ (కాలేజీ స్థాయి) కోర్సులు ఇవ్వరా?

ఈఎల్ అన్న కారణంతో ఆపడానికి వీల్లేదు. లెక్కల్లో ముందున్న పిల్లను గిఫ్టెడ్ మ్యాథ్స్ నుంచి ఇంగ్లీషు చదివే పరీక్షతో తప్పించడం చట్టం ఒప్పుకునే పని కాదు. మాటలు అవసరంలేని నాన్-వెర్బల్ పరీక్ష పెట్టమని అడగండి. క్లబ్బులు, స్పోర్ట్స్, బ్యాండ్ విషయంలోనూ అంతే.

పదో తరగతి అయ్యాక వచ్చిన అమ్మాయిని కింది క్లాసులో వేస్తామంటున్నారు.

ఇంగ్లీషు తక్కువన్న ఒక్క కారణంతో వయసుకు తగని క్లాసులో వేయకూడదు. హైస్కూల్లో క్లాసు క్రెడిట్ల మీద తేలుతుంది కాబట్టి, ఇండియా మార్కులకు క్రెడిట్లు ఇప్పించుకోవడమే అసలు పని. ఎస్‌ఎస్‌సీ మెమో ఒక్కటే తెస్తే 9, 10 తరగతుల క్రెడిట్లలో కొన్ని పోతాయి. ఎనిమిదో తరగతి నుంచి ప్రోగ్రెస్ కార్డులు, సబ్జెక్టులవారీ సిలబస్, టీసీ తెచ్చుకోండి. తెలుగు సబ్జెక్టు మార్కులను వరల్డ్ లాంగ్వేజ్ క్రెడిట్‌గా లెక్కించమని కౌన్సిలర్‌ను తప్పకుండా అడగండి, చాలామంది ఇది అడగడమే మరిచిపోతారు.

ఈఎల్ క్లాసుల్లోనే పీరియడ్లన్నీ గడిచిపోతే నాలుగేళ్ళలో గ్రాడ్యుయేట్ కావడం కష్టం. డిప్లొమాకు కావలసిన క్రెడిట్లు ఏ ఏడాది ఎన్ని వస్తాయో మొదటి నెలలోనే కాగితం మీద రాయించుకోండి.

రాష్ట్ర పరీక్షల్లో ఏమైనా వెసులుబాటు ఉందా?

అమెరికా స్కూళ్ళలో చేరి 12 నెలలు కాని పిల్లలకు ఇంగ్లీష్ రీడింగ్ పరీక్ష ఒకసారి మినహాయించే అవకాశం రాష్ట్రాలకు ఉంది. మ్యాథ్స్ రాయాలి. చాలా రాష్ట్రాలు ఎక్కువ సమయం, పదానికి పదం ఇచ్చే నిఘంటువు అనుమతిస్తాయి. అర్థ వివరణలు, ఉదాహరణ వాక్యాలు ఉన్న నిఘంటువు సాధారణంగా ఒప్పుకోరు. క్లాసులో వాడని సౌకర్యం పరీక్షనాడు ఇచ్చినా పిల్ల వాడుకోలేదు, కాబట్టి అక్టోబరు నుంచే వాడించండి.

ఈఎల్ నుంచి బయటికి ఎలా వస్తారు?

ఏటా జరిగే పరీక్షలో రాష్ట్రం పెట్టిన మార్కు దాటాలి. విడా రాష్ట్రాల్లో ఆ పరీక్షను యాక్సెస్ అంటారు, స్కోరు 1.0 నుంచి 6.0 వరకు ఉంటుంది. మొత్తం స్కోరులో చదవడం 35 శాతం, రాయడం 35 శాతం, వినడం 15 శాతం, మాట్లాడటం 15 శాతం. ఇక్కడ పెరిగిన మన పిల్లలు బాగా మాట్లాడుతూ కూడా ఏళ్ళ తరబడి ఆగిపోయేది అందుకే. తరచుగా రాతే వెనక్కి లాగుతుంది. రాత స్కోరు తక్కువైతే రాత మీద ఏం చేస్తున్నారని ఈఎస్‌ఎల్ టీచర్‌ను అడగండి.

కాలిఫోర్నియాలో నాలుగు అంశాలు చూస్తారు: ఎల్‌ప్యాక్‌లో మొత్తం మీద నాలుగో స్థాయి, టీచర్ అంచనా, తల్లిదండ్రుల అభిప్రాయం, ఇంగ్లీషు వచ్చిన పిల్లలతో పోల్చిన స్కోరు. మీ అభిప్రాయం అడగకుండా నిర్ణయించారంటే ఒక అంశం వదిలేసినట్టే.

బయటికి వచ్చాక కనీసం రెండేళ్ళు స్కూలు ఆ పిల్లను గమనిస్తూ ఉండాలి. మార్కులు పడిపోయి దానికి భాషే కారణమైతే మళ్ళీ సాయం ఇవ్వాలి.

ఇంట్లో తెలుగు మానేయమని టీచర్ చెప్పారు. మానాలా?

అక్కర్లేదు. ఆమె మంచి మనసుతోనే చెప్పి ఉండవచ్చు, కానీ మీ ఇంటి భాషను నిర్ణయించే అధికారం ఏ స్కూలుకూ లేదు. తెలుగులో చదవడం, కథ చెప్పడం వచ్చిన పిల్లలకు ఆ నేర్పు ఇంగ్లీషుకూ వస్తుంది. తల్లిదండ్రులు తమకు సరిగా రాని ఇంగ్లీషులో మాట్లాడితే పిల్లలు వినే మాట తరుగుతుంది. లంచ్‌లోనో ఆటల్లోనో తెలుగు మాట్లాడినందుకు పిల్లను శిక్షిస్తే అది టైటిల్ సిక్స్ ఫిర్యాదుకు తగిన విషయం.

మాట వినకపోతే ఎవరికి, ఎలా ఫిర్యాదు చేయాలి?

క్రమం ఇది: ఈఎస్‌ఎల్ టీచర్, ప్రిన్సిపాల్, డిస్ట్రిక్ట్‌లో ఇంగ్లీష్ లెర్నర్ విభాగం, రాష్ట్ర విద్యాశాఖ. ఫోన్‌లో చెప్పిన దాన్ని అదే రోజు ఈమెయిల్‌లో రాయండి. ఈమెయిల్‌లో పిల్ల పేరు, గ్రేడ్, జరిగింది, జరిగిన తేదీ, మీరు కోరేది ఒక్క వాక్యంలో, జవాబు ఎప్పటిలోగా కావాలో ఉంటే చాలు. కోపం వద్దు, తేదీలు కావాలి. ఇంగ్లీషులో రాయలేకపోతే తెలుగులోనే రాసి పంపండి.

ముందుగా ఫైలు తెప్పించుకోండి. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం మీరు అడిగిన 45 రోజుల్లోపు పిల్ల రికార్డులు చూపించాలి. హోమ్ లాంగ్వేజ్ సర్వే, స్క్రీనర్ స్కోర్లు, ఏటా స్కోర్లు, మీకు పంపామని వాళ్ళు చెప్పే లెటర్లు చూడండి. సగం గొడవలు ఆ ఫైలు తెరిస్తేనే తీరిపోతాయి.

ఫెడరల్ విద్యాశాఖలోని ఆఫీస్ ఫర్ సివిల్ రైట్స్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. లాయరు అక్కర్లేదు, పౌరసత్వం అక్కర్లేదు. ఘటన జరిగిన 180 రోజుల్లోపు చేయాలి. స్కూల్లో మాట్లాడుతూ ఈ గడువు దాటించుకోకండి, ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. 2025 మార్చిలో ఆ ఆఫీసు ప్రాంతీయ కార్యాలయాలు 12లో 7 మూసేస్తున్నట్టు ప్రకటించారు, కాబట్టి త్వరగా జవాబు వస్తుందని ఆశించకండి. న్యాయశాఖ సివిల్ రైట్స్ విభాగానికీ రాయవచ్చు. 1974 చట్టం కింద నేరుగా కోర్టుకూ వెళ్ళవచ్చు, దానికి మాత్రం లాయరు కావాలి. ప్రత్యేక విద్య విషయమైతే రాష్ట్రానికి ఏడాదిలోపు ఫిర్యాదు చేయండి, వాళ్ళు సాధారణంగా 60 రోజుల్లో తేల్చాలి.

ఫిర్యాదు చేసినందుకు పిల్ల మీద కక్ష తీర్చుకోవడం చట్టవిరుద్ధం. అలా జరిగితే అది ఇంకో ఫిర్యాదు అవుతుంది.

చార్టర్ స్కూలుకు, ప్రైవేటుకు ఇవే వర్తిస్తాయా?

చార్టర్ స్కూళ్ళు ప్రభుత్వ డబ్బుతో విడిగా నడిచే పబ్లిక్ స్కూళ్ళే, అన్నీ వర్తిస్తాయి. ‘మా దగ్గర ఈఎస్‌ఎల్ లేదు, వేరే స్కూలు చూసుకోండి’ అనే హక్కు చార్టర్‌కు లేదు. ఫెడరల్ డబ్బు తీసుకోని ప్రైవేటు స్కూళ్ళకు టైటిల్ సిక్స్ వర్తించదు.

ప్రాజెక్టు మారి వేరే రాష్ట్రానికి వెళ్తున్నాం. మళ్ళీ మొదటి నుంచా?

రెండూ విడా రాష్ట్రాలైతే కొత్త స్కూలు పాత స్కోరును చూసి తీసుకోగలదు. వేరే పరీక్ష ఉన్న రాష్ట్రమైతే, ఉదాహరణకు న్యూజెర్సీ నుంచి టెక్సాస్‌కు వెళ్తే, మళ్ళీ పరీక్ష పెట్టే అవకాశం ఎక్కువ. ఒకచోట బయటికి వచ్చిన పిల్లను ఇంకోచోట మళ్ళీ ఈఎల్ అనవచ్చు కూడా, ఎందుకంటే మార్కులు వేరు. స్కూలు నుంచి స్కూలుకు రికార్డులు వెళ్ళడానికి వారాలు పడుతుంది. వెళ్ళే ముందు చివరి స్కోరు రిపోర్టు, ఈఎల్ నుంచి బయటికి వచ్చినట్టు ఇచ్చిన లెటర్, ఐఈపీ ఉంటే దాని కాపీ మీ చేతి సంచిలో పెట్టుకుని రిజిస్ట్రేషన్ రోజునే ఇవ్వండి.